జోషిత పదవీ విరమణ

నాగులవలస మునిసిపల్ ఆఫీసు వెనకాల ఒక టెన్నిస్ కోర్టు ఉంది. ఒకప్పుడు అధికారులు సాయంత్రంపూట కాస్త చెమట పట్టించుకుందామని కట్టించుకున్నారు. రానురాను వాళ్ళకు ఆఫీసులోనే చెమటలు పట్టడం మొదలయ్యేసరికి కోర్టు ఖాళీ పడింది. వేసవిలో పక్కవీధి ఆడవాళ్ళు అక్కడ వడియాలు పెట్టుకునేవారు. నెట్టు మీద దుప్పట్లు ఆరేవి. అలాంటి కోర్టుకు కాంట్రాక్టు శిక్షకురాలిగా వచ్చింది లెంక హైమావతి.

హైమావతి విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన మనిషి. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక నేర్పడంలోకి దిగింది. వడియాలవాళ్ళతో తగువు పెట్టుకోకుండా సగం కోర్టు వాళ్ళకే వదిలేసి, మిగతా సగంలోకి నాలుగైదేళ్ళ పిల్లల్ని పోగేసింది. వాళ్ళ చేతికి రాకెట్లు ఇవ్వలేదు. బెలూన్లు ఊది గాల్లోకి వదిలేది. కింద పడనివ్వకుండా అరచేతులతో కొట్టాలి. అది వచ్చాక మెత్తటి బంతులు దొర్లించేది. కోడిపిల్లను పట్టినట్టు రెండు చేతులా పట్టాలి. అంతే ఆట.

"ఇది టెన్నిసేనా అండీ?" అని ఎవరైనా తండ్రి అడిగితే, "బంతంటే భయం పోవాలి, రేపు మళ్ళీ రావాలనిపించాలి. ఈ వయసుకి అదే టెన్నిస్. మిగతాది ఎనిమిదేళ్ళొచ్చాక చూసుకుందాం" అనేది.

ఆ పిల్లల్లో జోషిత ఒకతె. నాలుగు నిండిన పిల్ల. వాళ్ళ నాన్న దాలినాయుడు ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే పిల్లను తీసుకొచ్చి, గట్టు మీద కూర్చుని కునుకు తీసేవాడు. జోషిత ఎడమచేతి వాటం. మిగతా పిల్లలు బంతి వెనకాల పరిగెత్తేవారు. జోషిత బంతి వచ్చి ఆగబోయే చోటికి ముందే వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. ఎవరూ నేర్పని విద్య అది. హైమావతి చూసింది, కాని ఎవరితోనూ అనలేదు. పిల్లల్లో ప్రతిభ ఉందని బయటికి పొక్కితే దిష్టి కంటే ముందు పథకం తగులుతుందని ఆమె భయం.

పథకం రానే వచ్చింది.

రాజధానిలో ఒక పెద్ద అధికారి విమానంలో పోతూ పోతూ, ముందు సీటు జేబులో ఉన్న పత్రిక చదివారు. ప్రపంచంలోని గొప్ప టెన్నిస్ ఆటగాళ్ళు నాలుగేళ్ళకే రాకెట్ పట్టారని అందులో ఉంది. విమానం దిగేలోపు ఆయనకు లెక్క తేలిపోయింది. వాళ్ళు నాలుగేళ్ళకు మొదలుపెట్టారు. మనం మూడేళ్ళకు మొదలుపెడితే ఒక ఏడాది ముందుంటాం. మర్నాడు సమావేశంలో ఆ మాట అన్నప్పుడు, ఇది తప్పుడు లెక్క అని ఎవరూ అనలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళు లెక్కలు రానివాళ్ళు కారు, ప్రమోషన్లు రావలసినవాళ్ళు. ఆ విధంగా 'అంకుర టెన్నిస్' పుట్టింది.

మా జిల్లాలో దాని భారం క్రీడా వికాసాధికారి త్రివిక్రమరావుగారి మీద పడింది. ఆయనది గోదావరి వైపు. ముసలితల్లితో సహా ప్రభుత్వ క్వార్టర్సులో ఉంటారు. పనిమంతుడు. మీద నుంచి వచ్చిన ఏ మాటనైనా నమ్మేయడమే పని అనుకునే రకం. జీపు దిగి కోర్టులోకి వచ్చేసరికి పిల్లలు బెలూన్ల కింద గెంతుతూ కేరింతలు కొడుతున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"బెలూన్లండి."

"అవి నాకూ కనబడుతున్నాయి. శిక్షణ ఏది?"

"ఇదే సార్. బంతయితే వేగంగా వచ్చేస్తుంది, భయపడతారు. బెలూను నెమ్మదిగా వస్తుంది కాబట్టి కంటికి, చేతికి..."

"అంకుర టెన్నిస్ మార్గదర్శకాల్లో బెలూన్ అనే పదార్థం లేదు" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "అదీగాక వీళ్ళు నవ్వుతున్నారు. నవ్వు అనేది శక్తి వృథా. బాల్యం జాతీయ వనరమ్మా. బొగ్గులాంటిది. సకాలంలో తవ్వుకోకపోతే లోపలే ఉండిపోతుంది."

హైమావతి కాంట్రాక్టు మనిషి. ఏటా మార్చి నెలలో ఆమె ఉద్యోగం ఉన్నట్టో లేనట్టో తేలక అనుమానంలో పడుతుంది. అంచేత ఎదురు చెప్పలేదు. బెలూన్ల గాలి తీసి సంచీలో వేసుకుంది.

మూడేళ్ళవాళ్ళు చేరారు. వాళ్ళకు నిలువెత్తు రాకెట్లు వచ్చాయి. ఒక చివర చేత్తో పట్టుకుంటే రెండో చివర నేల మీద ఈడుస్తూ, నాగలి పట్టిన రైతుల్లా పిల్లలు కోర్టంతా దున్నేశారు. నెట్టు వాళ్ళ తలల కంటే ఎత్తు. ఇటువాళ్ళకు అటువాళ్ళు కనబడరు. కాసేపు బిక్కమొహం వేసుకుని, అవతల ఎవరున్నారో చూద్దామని నెట్టు కింద నుంచి దూరి వెళ్ళిపోయేవారు. వెళ్ళి అక్కడి పిల్లలతో కబుర్లలో పడేవారు. దీన్ని త్రివిక్రమరావుగారు 'సరిహద్దు ఉల్లంఘన'గా గుర్తించి, మొదటి తప్పు కింద క్షమించారు.

పిల్లలు ఏడ్చారు. ఒకడు మొదలుపెడితే అందరూ అందుకునేవారు. హైమావతికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. త్రివిక్రమరావుగారికి మాత్రం సంతోషం వేసింది. "పెద్ద ఆటగాళ్ళు కొట్టేటప్పుడు ఎలా అరుస్తారో టీవీలో చూడలేదా అమ్మా? అది వాళ్ళకు ఇరవయ్యేళ్ళకు వచ్చింది. మనవాళ్ళకు బంతి తగలకముందే వచ్చేసింది."

పిల్లలు ఆటమధ్యలో నిలబడ్డచోటే తడిపేవారు. అప్పుడు అంపైరు చెయ్యెత్తి, "తడి కారణంగా ఆట నిలిపివేయడమైనది" అని ప్రకటించేవాడు. అంపైరుగా పక్క హైస్కూలు నుంచి డ్రిల్లు మాస్టారు గణపతిరావును పట్టుకొచ్చారు. ఆకాశంలో మబ్బుతునక లేని రోజుల్లో కూడా నాగులవలసలో ఆట తడివల్ల ఆగిపోతూనే ఉండేది.

లెక్క చెప్పడంలో మరో చిక్కు వచ్చింది. గణపతిరావు మాస్టారు గొంతెత్తి "ఫిఫ్టీన్ లవ్!" అనగానే, గట్టు మీద వడియాలు తిరగేస్తున్న ఒక మామ్మ లేచింది.

"పాలు మానని గుంటల కాడ లవ్వేటి మాస్టారూ? సిగ్గునేదా?"

"మామ్మా, లవ్ అంటే సున్నా."

"అది నాకూ తెల్సు బావూ. మా ముసిలోణ్ణి చేసుకున్నప్పుడే తెల్సింది. గుంటల కాడ మాత్రం వొద్దు."

ఆ ఆక్షేపణ పై వరకూ వెళ్ళింది. దాని మీద ఒక ఉపసంఘం కూర్చుంది. ముందు 'పదిహేను ప్రేమ' అన్నారు. శిశువుల విషయంలో ప్రేమ అనే మాట ఔచిత్యభంగమని ఒక పండితుడు పట్టుబట్టడంతో అది 'పదిహేను వాత్సల్యం'గా స్థిరపడింది. మా కోర్టులో చాలా ఆటలు వాత్సల్యంతోనే ముగిసేవి.

ఇంతలో పక్కజిల్లావాళ్ళు రెండేళ్ళకే మొదలుపెట్టారని వార్త వచ్చింది. త్రివిక్రమరావుగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదట. మర్నాటి నుంచి మా జిల్లాలో ఏడాదిన్నర. వాళ్ళు ఏడాదికి దిగారు. మనం ఎనిమిది నెలలకు దిగాం. ఇలా ఎవరు ఎంత దిగితే అంత ఎదిగినట్టు లెక్క.

ఊళ్ళో జనం కూడా ఊరుకోలేదు. బొమ్మల దుకాణంలో గిలక్కాయలు మూల పడ్డాయి, గిలక్కాయంత రాకెట్లు వచ్చాయి. మామూలుగా అన్నప్రాసన నాడు పిల్లవాడి ముందు పుస్తకం, బంగారం, కత్తి, పూలు పెట్టి, ఏది పట్టుకుంటే వాడి బతుకు అటు సాగుతుందంటారు. ఇప్పుడు చిన్నవి, పెద్దవి, ఎర్రవి, పచ్చవి వరసగా రాకెట్లే పెట్టడం మొదలుపెట్టారు. పిల్లవాడు పాక్కుంటూ పోయి వాటిలో ఒకటి పట్టుకోగానే అమ్మమ్మలు ఆనందబాష్పాలు రాల్చేవారు. ఒకానొక ఇంట్లో పిల్లవాడు అన్నిటినీ దాటిపోయి పరమాన్నం గిన్నె పట్టుకున్నాడు. వాణ్ణి వేరే జిల్లాలో మేనత్త ఇంటికి పంపేశారు.

కింద వయసు తగ్గుతుంటే పైన వయసు ఎక్కువవుతుంది కదా. ఆ సంగతి ముందు ఎవరికీ తట్టలేదు. ఒకరోజు త్రివిక్రమరావుగారు, ఈడు పిల్లలంతా మానేసినా కోర్టు చివర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ జోషితను చూసి ఆగిపోయారు.

"ఈ పాపకు వయసెంత?"

"అయిదు నిండబోతోంది సార్" అంది హైమావతి.

"అయిదా!" అన్నారాయన. ఆ గొంతులో విచారమే తప్ప కోపం లేదు. "అంకుర దశ ఎప్పుడో దాటేసింది. ఇంకా ఇక్కడ ఉంచితే చిన్నవాళ్ళ అవకాశాలు దెబ్బతినవా? ఎంత గొప్ప క్రీడాకారులైనా తప్పుకోవలసిన సమయం ఒకటి వస్తుందమ్మా."

"సార్, ఆ పిల్ల..." అని హైమావతి నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ దాచిన మాట ఇప్పుడు చెప్పేయాలనిపించింది. "నిజంగా ఆడే పిల్ల అదొక్కతే సార్. మిగతావాళ్ళని మనం ఆడిస్తున్నాం. అది ఆడుతోంది."

"అందుకే ఘనంగా సాగనంపుదాం" అన్నారాయన.

నిజంగానే ఘనంగా చేశారు. షామియానా వేశారు. జోషితను పెద్ద కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళు నేలకు అందక గాలిలో ఊగుతున్నాయి. శాలువా కప్పితే పిల్ల మొత్తం అందులోకి మునిగిపోయింది, పైన రెండు పిలకలు మాత్రం కనబడ్డాయి. త్రివిక్రమరావుగారు మైకు పట్టుకున్నారు.

"కుమారి జోషిత సుదీర్ఘ క్రీడాజీవితం నేటి తరానికి ఆదర్శం. ఏడుపును దిగమింగి, ఎండను లెక్కచేయక, మధ్యాహ్నపు నిద్రను సైతం త్యాగం చేసి ఆటకు వన్నె తెచ్చారు. వారి శేషజీవితం ఆయురారోగ్యాలతో, మనుమలు మనుమరాళ్ళతో..."

గట్టు మీద నుంచి దాలినాయుడు లేచాడు. ఇవాళ కునుకు పట్టలేదతనికి.

"సారూ, మా పాపకి ఇంకా పాలపళ్ళే ఊడనేదండి. రిటైర్మెంటేటండి?"

"పాలపళ్ళతోనే విరమించడం అరుదైన గౌరవం నాయుడుగారూ. మీరు గర్వించాలి."

"నాకే ఇంకా పదేళ్ళ సర్వీసుంది బాబూ. నాకంటే ముందు నా కూతురు రిటైరైపోతే ఇంటికాడ నన్నెవుడు లెక్కచేస్తాడు?"

జనం నవ్వారు. జోషిత నవ్వలేదు. శాలువాలోంచి తల బయటపెట్టి హైమావతి కేసి చూసింది.

"టీచరూ, రేపు బేగి రావాలా?"

"రేపు వద్దమ్మా."

"ఎల్లుండి?"

హైమావతి శాలువా సర్దుతున్నట్టు వంగింది. అయినా పిల్ల అర్థం చేసుకుంది. ఏడవలేదు. కుర్చీలోంచి జారి దిగి, శాలువా నేల మీద ఈడ్చుకుంటూ నాన్న దగ్గరికి నడిచింది. మర్నాటి నుంచి సాయంత్రం ఆ వేళకు దాలినాయుడు ఇంటి వీధిగోడకు బంతి తగులుతున్న చప్పుడు వినబడేది. ఎదురింటివాళ్ళు విసుక్కుంటే దాలినాయుడు, "రిటైరైన మనిషి కదండి, పొద్దు పోవాలి కదా" అనేవాడు. అతని భార్య మాత్రం ఆ మాటకు నవ్వేది కాదు.

చలికాలంలో రాష్ట్రస్థాయి అంకుర టెన్నిస్ మహోత్సవం నాగులవలసలో పెట్టారు. అమాత్యులవారు స్వయంగా వచ్చారు. ఫైనలు మా జిల్లా ధన్విక్‌కీ, పక్కజిల్లా హన్వితకీ మధ్య. ఇద్దరికీ కలిపి ఏడాదిన్నర వయసు. తల్లులు ఎత్తుకొచ్చి చెరో పక్క బేస్‌లైను మీద కూర్చోబెట్టి, శిక్షకులు చెప్పినట్టు చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకున్నారు. గణపతిరావు మాస్టారు "ప్లే" అన్నాడు.

ధన్విక్ మెల్లగా ఒక పక్కకు ఒరిగి నిద్రపోయాడు. హన్విత బంతిని రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

"ఏకాగ్రత చూశారా సార్" అన్నారు త్రివిక్రమరావుగారు అమాత్యులవారి చెవిలో. "ఇద్దరూ ఎదుటివాళ్ళ తప్పు కోసం ఎదురుచూస్తున్నారు."

అందరూ ఎదురుచూశారు. ఎండెక్కింది. అమాత్యులవారికి ఇంకో ఊళ్ళో శంకుస్థాపన ఉంది. గెలుపెవరిదో తేలకుండా ఆట ఆపడానికి నియమాలు ఒప్పుకోవు. ధన్విక్ గురక పెట్టాడు. హన్విత బంతిని నాకి నాకి చప్పగా చేసింది. చివరికి గణపతిరావు మాస్టారికే దారి దొరికింది. బంతిని నమలడం ఆట సామగ్రిని పాడుచేయడం కిందికి వస్తుంది కనుక హన్వితకు వరసగా శిక్షలు పడ్డాయి. ధన్విక్ ఒక్క తప్పు కూడా చేయలేదు. విజేత ధన్విక్. చప్పట్లకు వాడు ఉలిక్కిపడి లేచి, కప్పును చూసి గుక్కపట్టాడు.

"విజయగర్జన!" అన్నారు అమాత్యులవారు. ఆ ఊపులోనే, ఇకమీదట గర్భిణులకు కూడా శిబిరాలు పెడతామనీ, కడుపులో బిడ్డ కుడివైపు తన్నితే ఫోర్‌హాండ్, ఎడమవైపు తన్నితే బ్యాక్‌హాండ్ కింద నమోదు చేయిస్తామనీ ప్రకటించి జీపెక్కారు.

ఇంత పెద్ద పథకానికి తగిన శిక్షకులున్నారా అన్న ప్రశ్న రాజధానిలో అప్పుడు పుట్టింది. జవాబు కూడా అక్కడే పుట్టింది. పసితనంలో ఆట మొదలుపెట్టినవారే పసివాళ్ళకు నేర్పగలరు. కాబట్టి అయిదేళ్ళ లోపు మొదలుపెట్టి, గౌరవప్రదంగా విరమించినవారే ఇకమీదట శిక్షకులు.

త్రివిక్రమరావుగారు హైమావతిని పిలిపించారు.

"మీరు ఎన్నేళ్ళకు మొదలుపెట్టారమ్మా?"

"పదమూడేళ్ళకండి."

"పదమూడు!" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంత వయసొచ్చాక మొదలుపెట్టిన మనిషి చేతిలో ఇన్నాళ్ళూ పిల్లల్ని పెట్టామా? నాకు నిద్ర పట్టేలా లేదు."

"నేను వెళ్ళనా సార్?" అంది హైమావతి. ఆమెకు కోపం రాలేదు. చిత్రంగా, గుండెల మీద నుంచి ఏదో దింపినట్టుంది. ఆ సాయంత్రమే ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచరు పని ఉందేమో కనుక్కోవడానికి వెళ్ళింది.

అర్హత ఉన్నవాళ్ళకోసం జిల్లా అంతా వెతికారు. అయిదేళ్ళ లోపు మొదలుపెట్టి, ప్రభుత్వమే శాలువా కప్పి పంపిన వ్యక్తి ఒక్కరే తేలారు. త్రివిక్రమరావుగారు జీపు వేసుకుని దాలినాయుడు ఇంటికి వెళ్ళారు. జోషిత చాప మీద కూర్చుని పెరుగన్నం తింటోంది.

"నమస్కారం అమ్మా" అన్నారాయన చేతులు జోడించి. "ప్రభుత్వం తమరి సేవలను మళ్ళీ కోరుతోంది. ముఖ్య శిక్షకురాలిగా."

జోషిత మూతి తుడుచుకుని నాన్నను చూసింది. దాలినాయుడు సారుకు కుర్చీ వేసి, తను గుమ్మానికి చేరగిలబడ్డాడు.

"అడుగుతున్నారు కదే, సెప్పు."

"హైమ టీచరొస్తాదా?"

"ఆవిడకు అర్హత లేదండి."

"మరైతే నానూ రాను."

త్రివిక్రమరావుగారు ఇబ్బందిలో పడ్డారు. శిక్షకురాలు లేకపోతే పథకం లేదు. పథకం లేకపోతే జిల్లా వెనకబడిపోతుంది. గుమ్మం పక్కనున్న పిల్ల బూట్ల కేసి చూశాక ఉపాయం తట్టింది. "ముఖ్య శిక్షకురాలికి లేసులు కట్టుకోవడం వచ్చునా అండీ?"

"రాదు."

"అయితే లేసుల సహాయకురాలిగా ఒకరిని నియమించుకునే వీలుంది. వారికి అర్హతలు అక్కర్లేదు."

అలా హైమావతి లేసుల సహాయకురాలిగా తిరిగి కోర్టుకు వచ్చింది. జోషిత మొదటి రోజు చేసిన మొదటి పని, కోర్టు మధ్యలో నిలబడి చుట్టూ చూడడం. ఒక పక్క తల్లుల ఒళ్ళో చంటిపిల్లలు, ఇంకో పక్క ఆయాసపడుతూ వరసగా కూర్చున్న గర్భిణులు.

"నడక రానోళ్ళు అమ్మతో ఇంటికెల్లిపోండి" అంది జోషిత. కాసేపు ఆలోచించి, "పొట్టలో ఉన్నోళ్ళు కూడా" అంది.

కోర్టులో శిక్షకురాలి మాటే చివరి మాట అని మార్గదర్శకాల్లో ఉంది. వాటిని రాసినవాళ్ళకు ఇది ముందు తోచలేదు. తల్లులు లేచి వెళ్ళిపోతుంటే వాళ్ళ మొహాల్లో కనబడ్డ సంతోషం చెప్పనలవి కాదు. ఒకామె వెళ్తూ వెళ్తూ జోషిత బుగ్గ పుణికి, "సల్లగుండు తల్లీ, రోజూ పట్టేసిన నడుంతో సచ్చిపోతన్నాను" అంది.

తరవాత నడకా, పరుగూ, గెంతడమూ వచ్చిన పిల్లలే మిగిలారు. వాళ్ళేం చేస్తారో హైమావతి జోషితను అడిగేది, జోషిత చెప్పేది. ఒకోరోజు బంతాట. ఒకోరోజు దొంగాట. వాన పడ్డాక గోడ పక్కన బురదలో బువ్వలాట. త్రివిక్రమరావుగారు గట్టు మీద నిలబడి చూసేవారు. అర్థమయ్యేది కాదు. కాని శిక్షకురాలు అర్హత ఉన్న మనిషి, తాను ఏమంటారు?

ఇంతలో ఆయన నెత్తి మీదే పిడుగు పడింది. శిక్షకులకు ఉన్న నియమం పర్యవేక్షించే అధికారులకు ఉండనక్కర్లేదా అని రాజధానిలో ఎవరో అడిగారు. ఉండాలని తేలింది. అయిదేళ్ళ లోపు ఆటతో పరిచయం లేని అధికారులను క్రీడాశాఖ నుంచి పంపేస్తారట.

త్రివిక్రమరావుగారు ఇంటికి వచ్చి బూట్లయినా విప్పకుండా తల్లి మంచం పక్కన కూలబడ్డారు. సుభద్రమ్మగారు తమలపాకు చిదుపుతున్నారు.

"అమ్మా, చిన్నప్పుడు నేను ఏమైనా ఆడేవాణ్ణా?"

"ఎవరూ, నువ్వా? ఎక్కడాడేవోడివిరా అబ్బాయ్! అందరూ వీధిలో ఆడుకుంటంటే నువ్వు గుమ్మంలో కూర్చుని చూసేవోడివి. పిలిస్తే, మా నాన్న చెప్పలేదు, నేను రాను అనేవోడివి."

"బాగా గుర్తు తెచ్చుకో. ఏదీ పట్టుకోలేదా? బంతి? కర్ర?"

"ఏదీ పట్టుకోలేదురా. ఊరికే గోడవార కూర్చుని మన్ను తినేవోడివి. ఎన్ని సార్లు నోరు కడిగానో."

ఆయన చటుక్కున తలెత్తారు. టెన్నిస్‌లో మట్టి కోర్టు అని ఒక రకం ఉంది. పెద్ద పెద్ద పోటీలు దాని మీద కూడా జరుగుతాయి.

"మన్నంటే... మట్టే కదమ్మా?"

"మట్టి కాకపోతే మైసూరుపాకా?"

మర్నాడే ఆయన పైవారికి విన్నవించుకున్నారు. మట్టి కోర్టులతో తనకు శైశవం నుంచే అత్యంత సన్నిహిత పరిచయం ఉందనీ, సాక్షి స్వయంగా తల్లేననీ. రాజధాని కాదనలేదు. కాని ఆ పరిచయం నిజమో కాదో జిల్లాలో అర్హత కలిగిన ముఖ్య శిక్షకురాలు పరీక్షించి తేల్చాలంది.

పరీక్ష నాడు రాత్రి పడ్డ వానకు కోర్టంతా చిత్తడిగా ఉంది. పైనుంచి వచ్చిన నలుగురు అధికారులు ప్యాంట్లు కాస్త పైకి మడుచుకుని వరసగా నిలబడ్డారు. జోషిత, పిల్లలు గోడవార బురద కలిపి బువ్వ వండుతున్నారు. మూడు ఇటికముక్కల మీద కొబ్బరిచిప్ప, పక్కన ఆకుల విస్తళ్ళు. హైమావతి పక్కనే గొంతుక్కూర్చుని ఎసరు పోస్తోంది.

త్రివిక్రమరావుగారు వెళ్ళి ముందు నిలబడ్డారు. ఎండ లేకపోయినా ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇరవయ్యేళ్ళ సర్వీసు ఆ పిల్ల నోటిమాట మీద ఉంది. ఆ సంగతి హైమావతికీ తెలుసు. ఇదే మనిషి తనను పంపేసిన రోజు గుర్తొచ్చి సంతోషించాలనుకుంది. ఆ మొహం చూస్తే సంతోషం రాలేదు.

"జోషితా, సారుకి మట్టితో ఆడడం వచ్చో రాదో చూసి చెప్పాలట" అంది.

"కూకోండి" అంది జోషిత.

ఆయన బురదలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పిల్లలు చుట్టూ మూగారు. జోషిత చిప్పలోంచి మట్టి తీసి, రెండు చేతులా గుండ్రంగా లడ్డూ చుట్టి, పైన ఎర్రటి పువ్వురేకు ఒకటి అద్ది ఆయన విస్తట్లో పెట్టింది.

"తినండి."

ఆయన లడ్డూ కేసి చూశారు. వెనక నిలబడ్డ నలుగురు అధికారుల కేసి చూశారు. ఎవరూ రెప్ప వేయడంలేదు. ఎత్తి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కరకర నమిలి మింగేశారు.

 పిల్లలందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. "నిజంగా తినేసినాడు! నిజంగా తినేసినాడు!" అంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లారు. జోషిత మాత్రం నవ్వలేదు. కంగారుగా లేచి ఆయన గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది.

"ఉమ్మేయండి! ఉమ్మేయండి! ఉత్తుత్తినే తినాల సారూ, నిజంగా తింటారేటి?"

హైమావతి పరుగున నీళ్ళు తెచ్చింది. ఆయన పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ పుక్కిలించారు. ఇంతలో పైనుంచి వచ్చిన పెద్దాయన మిగతా ముగ్గురితో కలిసి కూడబలుక్కుని, అభ్యర్థి లేశమాత్రం సంకోచించకుండా మట్టిని స్వీకరించారు గనుక శైశవానుభవం రుజువైందనీ, వారి పదవికి ఢోకా లేదనీ అక్కడికక్కడే ప్రకటించారు. త్రివిక్రమరావుగారు ఆ మాట విన్నారో లేదో తెలియదు. తడిమూతితో అలాగే కూర్చుని జోషితనే చూస్తున్నారు.

"ఉత్తుత్తినే అంటే... ఎలాగమ్మా?" అని అడిగారు.

జోషిత ఇంకో లడ్డూ చేసింది. నోటి దాకా తీసుకెళ్ళి, తాకించకుండా, "అమ్‌అమ్‌అమ్" అని బుగ్గలు ఆడించి, చేతిని దించుతూ లడ్డూను భుజం మీదుగా వెనక్కి విసిరేసి, "అబ్బ, ఎంత బాగుందో" అని పొట్ట నిమురుకుంది. ఆయన తానూ ఒకటి చుట్టి నోటి దాకా తీసుకెళ్ళారు. పెదవులు కదలలేదు. "అమ్ అనాలి సారూ" అని చెప్పింది జోషిత. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

వెనక నిలబడ్డ నలుగురు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకైనా మంచిదని వంగి తలా ఒక ముద్ద తీసుకున్నారు.